నాలుగూ ఇరవై

నేను ఒక చేతి గడియారాన్ని. ఆడవాళ్ళ గడియారం. ముఖం చిన్నదే గానీ, పొద్దున ఓసారి కీ ఇస్తే మర్నాటి సాయంత్రందాకా నమ్మకంగా నడుస్తాను. ఇవ్వకపోతే ఆగిపోతాను. నా బతుకులో జరిగిన ఘోరమంతా ఈ చిన్న సంగతి మీదే నడిచింది.

అమెరికాలో, ఒహాయో రాష్ట్రంలోని ఓ చిన్న ఊళ్ళో కోవాచ్ అనే ముసలాయన గడియారాల కొట్టులో నన్ను విల్మా కొంది. కూతురు జూడిత్ పదిహేడో పుట్టినరోజుకి. నా వీపు మీద ఆ పిల్ల పేరు చెక్కించింది. నెల తిరక్కుండానే జూడిత్ నన్ను గిన్నెలు కడిగే నీళ్ళలో పడేస్తే మళ్ళీ కోవాచ్ దగ్గరికే వెళ్ళాను. ఆయనకో అలవాటుంది. బాగుచేసిన ప్రతి గడియారానికీ మూత లోపలి వైపు సూదితో ఓ అంకె గీస్తాడు, అదే అంకె పుస్తకంలో మనిషి పేరు పక్కన రాసుకుంటాడు. అలా నేను రెండువందల పన్నెండునయ్యాను. ఆ గీత కట్టుకున్నవాళ్ళకి కనబడదు.

జూడిత్ బంగారం లాంటి పిల్ల, మతిమరుపు ఒక్కటే లోపం. "గడియారం కట్టుకుని కూడా ఆలస్యమేనా! దానికి తిండి పెట్టకపోతే ఎలా నడుస్తుందే?" అని విల్మా రోజూ సాధించేది.

ఆ అక్టోబరులో ఓ సాయంత్రం జూడిత్ పనిచేసే రొట్టెల కొట్టులో నేను నాలుగూ ఇరవైకి ఆగిపోయాను. నాలుగున్నరకి బస్సు. ఇంకా పది నిమిషాలుందనుకుని ఆ పిల్ల తాపీగా జడ విప్పి మళ్ళీ అల్లుకుంది. బయటికొచ్చేసరికి బస్సు ఎప్పుడో వెళ్ళిపోయింది. ఆకుపచ్చ కారొకటి ఆగింది. లోపల వెర్నన్. చర్చిలో చందా పళ్ళెం తిప్పేవాడు, ఇంటింటికీ తిరిగి బ్రష్షులు అమ్మేవాడు. నోట్లో వేలు పెడితే కొరకలేడని ఊరంతా అనేది.

"బస్సు పోయిందమ్మా. మీ ఇంటివైపే వెళ్తున్నా, ఎక్కు."

"అదేమిటండీ, ఇంకా నాలుగూ ఇరవయ్యే కదా!" అని నన్ను చూపించి, నవ్వుకుంటూ ఎక్కింది.

తర్వాతిది చూశాను. చెప్పను. చెప్పడానికి నాకు నోరు రాదు, వినడానికి మీకు సరదా ఉండకూడదు. ఆమెకి ముందు ఇద్దరు, తర్వాత ఒకరు. అందరూ పాతికేళ్ళ లోపువాళ్ళే.

వెర్నన్ నా వీపు మీది పేరు గరుకు కాగితంతో అరగదీసి, పెళ్ళిరోజని నన్ను భార్య అర్లీన్‌కి ఇచ్చాడు. దొంగసొమ్ము కళ్ళ ముందు తిరుగుతుంటే చూసి మురిసేవాళ్ళుంటారని అప్పుడే తెలిసింది. "రిపేరొస్తే నాకివ్వు, కొట్లకి తీసుకెళ్ళకు" అన్నాడు. అర్లీన్ రోజూ కాఫీ మరిగేలోపు నాకు కీ ఇచ్చేది. ఆరేళ్ళు, ఒక్కపూట తప్పకుండా. సిగ్గు విడిచి చెబుతున్నాను, ఆ చేతి మీద హాయిగా నడిచాను.

ఒకరోజు సబ్బునీళ్ళు లోపలికి పోయి ఆగిపోయాను. వెర్నన్ అమ్మకాలకి వేరే ఊరు వెళ్ళాడు. ఆయనొచ్చి కోప్పడేలోపు బాగుచేయించాలని అర్లీన్ నన్ను కోవాచ్ కొట్టుకి తెచ్చింది. కోవాచ్ మూత తీశాడు. కంటి అద్దంలోంచి చాలాసేపు చూశాడు. పుస్తకం తెచ్చి తిరగేశాడు. రెండువందల పన్నెండు దగ్గర వేలు ఆపాడు.

"ఇది మీకెక్కడిదమ్మా?"

"మావారు పెళ్ళిరోజుకి ఇచ్చారండీ" అంది అర్లీన్ గొప్పగా.

"నా దగ్గరుంచి రేపు రండి."

మర్నాడు కొట్టులో పోలీసు అధికారి కూర్చుని ఉన్నాడు. పుస్తకంలో జూడిత్ పేరు చూపించి, "మీరే ఎక్కడో పాత సామాన్లలో కొన్నారేమో. ఆలోచించుకుని చెప్పండి" అన్నాడు.

ఒక్క అబద్ధం ఆడితే చాలు. ఇల్లు నిలుస్తుంది, మొగుడు మిగులుతాడు. అర్లీన్ మణికట్టు మీద నేనున్న చోటు తెల్లగా చార తేలి ఉంది. దాన్నే చూస్తూ నిలబడింది.

"ఆయనే ఇచ్చారు" అంది చివరికి. "ఆ పిల్ల కనబడకుండా పోయిన నెలే మా పెళ్ళిరోజు."

వెర్నన్ పాపం పండింది. ఇంటి ముందు కారు దిగుతుంటేనే పట్టుకున్నారు. "మాకు మొదట్నుంచీ అనుమానమే" అంది నిన్నటిదాకా వాణ్ణి మెచ్చుకున్న ఊరు. కోర్టులో వాడు అన్నీ ఒప్పుకున్నాడు. కారెక్కుతూ జూడిత్ "ఇంకా నాలుగూ ఇరవయ్యే కదా" అందని కూడా చెప్పాడు. విల్మా కళ్ళు మూసుకుంది. నేను అక్కడే బల్ల మీద ప్లాస్టిక్ సంచిలో ఉన్నాను. ఆ పిల్లని చంపింది వాడే. కానీ ఆ బస్సు తప్పించింది నేను.

తీర్పయ్యాక నన్ను విల్మాకి అప్పగించారు. వరండాలో అర్లీన్ ఎదురైంది.

"రోజూ కీ ఇచ్చానండీ. ఒక్కరోజూ మరవలేదు. నాకు తెలీదండీ..." అని ఏడ్చింది.

విల్మా ఆ ఖాళీ మణికట్టు పట్టుకుంది. "మా పిల్ల మరిచిపోయేదమ్మా" అంది.

కోవాచ్ నన్ను బాగుచేసి ఇచ్చాడు. ఇప్పుడు విల్మా వంటింటి కిటికీలో ఉంటాను. ఆవిడ పొద్దున నాకు కీ ఇవ్వదు. సాయంత్రం నాలుగూ ఇరవైకి ఇస్తుంది. ఇచ్చి, వీధి చివర బస్సు ఆగి, మళ్ళీ కదిలేదాకా అక్కడే నిలబడుతుంది.