భుజం మీది పార

వొలెరో గోడ దూకాడు. పట్టపగలు, మా అందరి కళ్ళెదుట దూకాడు. దూకినవాణ్ణి కేసో పారతో కొట్టాడు. అదీ మా కళ్ళెదుటే.

గోడ అంటే ఏదో ఆకాశాన్నంటే కోటగోడ అనుకునేరు. నా నడుందాకా వచ్చే మట్టిగట్టు అది. ముసలి మేక కూడా ఆవలిస్తూ దాటుతుంది. కానీ రోములుస్ మహారాజు నాగలితో గీసిన గీత మీద లేచిన గట్టాయె! దాన్ని దూకినవాడు చావాలని ఈ రోము పుట్టిననాడే శాసనమైపోయింది. మేక దూకితే పాపం లేదు. గొప్పింటి కుర్రాడు గుర్రం మీద దూకితే చప్పట్లు కొడతారు. మట్టి తవ్వేవాడు దూకితేనే దేవతలకు కోపం వస్తుంది.

వొలెరో ఎందుకు దూకాడో కూడా చెప్పాలి. గట్టుకు అవతలే వాడి బార్లీ చేను. పండిపోయింది. గాలి వీస్తే గలగలమంటోంది. ఇవతలేమో మేం రాజుగారి మురుగుకాలువలో మోకాలి లోతు బురదలో ఉన్నాం. కొండల నడుమ చిత్తడంతా టైబర్ నదిలోకి పోవాలట. నేల ఆరితే అక్కడ పెద్దమనుషులు అంగళ్ళు పెట్టుకుంటారు, సభలు పెట్టుకుంటారు, తెల్లబట్టలు కట్టుకుని తిరుగుతారు. కాలువ నదిని చేరేదాకా తవ్వేవాళ్ళెవరూ ఊరు దాటకూడదని ఆజ్ఞ. ద్వారాల దగ్గర ఈటెలు పట్టుకుని భటులు.

"కోసి వచ్చేస్తాను దొరా, పిట్టలు తినేస్తున్నాయి" అని వొలెరో పొద్దుటినుంచీ మేస్త్రీని బతిమాలాడు. మేస్త్రీ పేరు వెల్తూర్. పరదేశం నుంచి వచ్చి మమ్మల్నేలే రాజుగారి ఊరివాడే. ముక్కు పైకి తిరిగిన చెప్పులు వేసుకుంటాడు. ఆ చెప్పులకు మట్టి అంటుతుందని ఎన్నడూ కాలువలోకి దిగి ఎరగడు.

"పిట్టలకూ ఆకలుంటుందిరా" అన్నాడు మేస్త్రీ. నవ్వాడు. మాలో కొందరం కూడా నవ్వాం. మేస్త్రీ నవ్వినప్పుడు నవ్వకపోతే బాగుండదు కదా!

వొలెరో పార కింద పడేసి, ఒక్క గెంతు గెంతాడు.

"కేసో! నువ్వే దగ్గరున్నావు. కొట్టు!"

గోడ దూకినవాణ్ణి భటులు ముట్టుకోరు. గోడ కట్టిన తవ్వేవాళ్ళ పారే కొట్టాలి, ఆచారం అది. పెద్దల చేతులు ఎంత శుభ్రంగా ఉంటాయో చూశారా? కేసో పార ఎత్తాడు. ఎత్తాక నెత్తిన దించాడు. కేసో, వొలెరో ఒకే గిన్నెలో తినేవాళ్ళు.

వొలెరో గట్టు అవతల పడ్డాడు. చెయ్యి చాస్తే చేను అందేటంత దూరంలో.

"శవాన్ని ఎవడూ ముట్టకూడదు. అక్కడే ఉండనీ, చూసి నేర్చుకుంటారు" అన్నాడు మేస్త్రీ. రోములుస్‌కు రాజ్యం నీదేనని శకునం చూపించిన రాబందులున్నాయే, వాటి మనవలు ఇంకా ఈ కొండల మీదే కాపురముంటున్నాయి. అవి దిగడం మొదలుపెట్టాయి. మేం తలలు వంచుకుని తవ్వాం.

మధ్యాహ్నం అంబలి దగ్గర కేసో పక్కన ఎవరూ కూర్చోలేదు.

"వీడు ముట్టిన గరిటె నేను ముట్టను. కేలెర్ గాడు!" అన్నాడు మామెర్కుస్. మా అందరిలోకి గొంతు పెద్దది వాడిదే.

కేలెర్ అన్నమాట వినగానే అందరం గిన్నెలు కింద పెట్టేశాం. ఆ పేరు మాకు తిట్టు. మేస్త్రీ రోజూ పొద్దున్నే మమ్మల్ని దానితోనే నిద్ర లేపుతాడు. "కేలెర్ సంతతి వాళ్ళు మీరు. ఈ ఊళ్ళో పడ్డ తొలి నెత్తురు మీ పార మీదుంది. తవ్వండి, ఆ పాపం కడుక్కోండి." మేం నిజమే కాబోలనుకుని తవ్వుతాం. కొరడా కూడా అక్కర్లేదు.

ఆ కథ మీకు తెలిసే ఉంటుంది. కవలలు, తోడేలు, బుట్టలో కొట్టుకురావడం. తోడేలు పాలిచ్చిందట! నేను కుర్రతనంలో ఈ కొండల అడవిలోనే తోడేలుకు ఎదురుపడ్డాను. నా చెప్పు తినేసింది, పాలు మాత్రం ఇస్తాననలేదు. సరే, రాజవంశం కాబట్టి ఇచ్చిందనుకుందాం. అన్న రోములుస్ ఎద్దునూ ఆవునూ కట్టి ఊరి చుట్టూ గీత గీశాడు. ఆ గీత మీద గోడ లేపమని, దూకినవాణ్ణి కొట్టమని తవ్వేవాళ్ళను పెట్టాడు. తమ్ముడు రేముస్ వచ్చి, "ఇదా నీ గోడ?" అని నవ్వి దూకాడు. కేలెర్ అనే పనివాడు పారతో ఒక్కటేసి చంపాడు. పార పట్టినవాడు ఆ పూటే పారిపోయాడు. ఎంత వేగంగా పారిపోయాడంటే, వాడి నీడ ఇంకా ఆ గట్టు దగ్గరే వాణ్ణి వెతుక్కుంటోందని మా తాత అనేవాడు.

మేం అలా ఉండగా వొలెరో భార్య రుటిలా వచ్చింది. జుట్టు విరబోసుకుంది. కాలువ అంచున నిలబడి మా అందరినీ కలియజూసింది.

"ఎవడు కొట్టింది?"

కేసో లేచి నిలబడ్డాడు. "నేనే అక్కా."

ఆమె వాణ్ణి కొడుతుందనుకున్నాం. కొడితే మాకు బాగుండునేమో. కొట్టలేదు.

"ఎవడు కొట్టమన్నాడు?"

"మేస్త్రీ."

"మేస్త్రీకి ఎవడు చెప్పాడు?"

"రాజు."

"రాజుకు?"

వాడు నా వంక చూశాడు. "రోములుస్ చెప్పాడమ్మా, ఎప్పుడో" అన్నాను నేను.

"ఆ రోములుస్ ఇప్పుడెక్కడున్నాడు తాతా?"

"దేవుడయ్యాడు. మబ్బు దిగొచ్చి ఎత్తుకుపోయింది. కొండ మీద గుడి కూడా ఉంది."

"మరి కేలెర్?"

"పారిపోయాడు."

"అంటే కొట్టమన్నవాడికి గుడి, కొట్టినవాడికి తిట్టు. బాగానే పంచారు!"

మామెర్కుస్ ఎగిరి గంతేశాడు. "చూశారా! అయితే మన తప్పేం లేదు. అంతా వాళ్ళదే! నేను ముందునుంచీ అదే..."

"నోరు మూసుకోరా" అంది రుటిలా. "నీ తప్పు లేదని ఎవడన్నాడు? నోరు వాళ్ళది. చెయ్యి మీది. మీరిందరున్నారు, ఒక్కడైనా అడ్డం వెళ్ళాడా? ఆ చెయ్యి మీది కాదంటే, రేపు దాన్ని ఆపేదెవడు? మేస్త్రీ ఆపుతాడా?"

మామెర్కుస్ కూర్చున్నాడు. వాడు నోరు మూసుకోవడం అదే మొదలు. నాకేమో ఆ మాట రొమ్ములో దిగింది. ఇన్నేళ్ళుగా మేం పాపం మోస్తున్నాం గానీ, మోస్తున్న చేతుల వంక ఎన్నడూ చూసుకోలేదు.

అవి మే నెలలో దయ్యాల రోజులు. కేసో నడుముకు కట్టుకున్న మూటలోంచి నల్ల చిక్కుడు గింజలు తీసి, అటు తిరిగి, భుజం మీదుగా వెనక్కి విసిరాడు. "వీటితో నన్నూ నావాళ్ళనూ విడిపించుకుంటున్నా" అని గొణిగాడు. గింజలు వేసేటప్పుడు వెనక్కి చూడకూడదు. వెనకాల దయ్యం వాటిని ఏరుకుని మనల్ని వదిలిపోతుంది.

"అటు తిరిగి ఎవరికి వేస్తున్నావురా? ఇటు తిరిగి చూడు. నీ స్నేహితుడు అక్కడ పడి ఉన్నాడు. వాడికి గింజలు కాదు కావలసింది, గుప్పెడు మట్టి" అంది రుటిలా.

మట్టి పడని శవం తాలూకు ప్రాణం ఊరూరా తిరుగుతుంది. మాకందరికీ తెలుసు. జీవితమంతా మట్టి తవ్విన మనిషికి గుప్పెడు మట్టి లేకుండా పోయింది! ఆమె వంగి, మా కాలువ మట్టే దోసిట్లోకి తీసుకుని, తిన్నగా గట్టు వైపు నడిచింది.

"ఏయ్! ఆగు!" అని అరిచాడు మేస్త్రీ. ఆమె ఆగలేదు. కాలెత్తి గట్టు మీద వేసింది.

"కేసో! కొట్టు!"

కేసో పార తీసుకుని ఆమె వెనకాలే వెళ్ళాడు. పార పైకెత్తాడు. దాని రేకు మీద పొద్దుటి మరక ఇంకా ఉంది. ఒట్టు, ఈ ముసలాడు కళ్ళు మూసుకున్నాడు. మూసుకున్నవాణ్ణి తెరిచాను, ఈసారి చూడాల్సిందేనని.

వాడు ఎత్తిన పారను దించలేదు. మెల్లగా భుజం మీద పెట్టుకున్నాడు.

"ఎలా కొట్టను దొరా? ఇక్కడ ద్వారం ఉంది."

మేస్త్రీకి అర్థం కాలేదు. మా అందరికీ అయింది. రోములుస్ గీత గీస్తూ, ద్వారం రావలసిన చోట నాగలిని నేలమీంచి లేపి, భుజాన మోసుకుంటూ నడిచాడు. గీత పడ్డచోట దాటితే చావు. నాగలి లేచినచోట అందరిదీ దారే, పేడబండి కూడా పోవచ్చు. మా తవ్వేవాళ్ళు ఈనాటికీ ఎక్కడ వాకిలి రావాలన్నా అక్కడ పార భుజాన వేసుకుని నడుస్తారు. అది మాకు అమ్మ నేర్పిన నడకలాంటిది.

"అది గోడరా, గాడిదా!"

"పార భుజాన ఉంది కదా దొరా" అన్నాడు కేసో. "ద్వారమే."

నేను నా పార భుజాన వేసుకున్నాను. నడుం పట్టేసింది, అయినా వేసుకున్నాను. మామెర్కుస్ వేసుకున్నాడు. తర్వాత ఎవరు ముందో ఎవరు వెనకో తెలియదు. కాలువలో బురద ఒక్కసారి చప్పుడు చేసింది, అందరం కాళ్ళు పీక్కుంటున్నాం మరి. ఒక్కరి పారా నేల మీద లేదు. గట్టు వెంబడి వరుసగా నిలబడ్డాం. మేస్త్రీ ఒక్కొక్కడి పేరూ పిలిచి "నువ్వు కొట్టు, నువ్వు కొట్టు" అన్నాడు. పిలిచినవాడల్లా "ద్వారం దొరా" అన్నాడు. భటులు ఈటెలు పట్టుకుని ఒకరి మొహాలు ఒకరు చూసుకున్నారు. వాళ్ళ పని ద్వారం కాయడం. ఇంతమంది ఇది ద్వారమంటుంటే ఇక దేన్ని కాయాలి?

దాటాం. రాబందులు లేచిపోయాయి. రుటిలా తన దోసిట్లో మట్టి వొలెరో మీద వేసింది. కేసో ఆమె కాళ్ళ దగ్గర పడ్డాడు.

"నేను క్షమించను" అంది ఆమె. "లేచి గొయ్యి తవ్వు."

వాడు తవ్వాడు. అదే పారతో. వొలెరోను పూడ్చి, మేమందరం కలిసి వాడి చేను కోశాం. కొడవళ్ళు చాలక చేతులతో పీకాం. మోపులు నెత్తిన, పారలు భుజాన పెట్టుకుని మళ్ళీ అక్కడినుంచే ఊళ్ళోకి వచ్చాం.

రాజుగారి మనుషులు అప్పటికి దిగారు. అందరినీ పట్టుకోవడానికి తాళ్ళు చాలవు కాబట్టి కేసోను పట్టుకున్నారు. వాడు పెనుగులాడలేదు. చేతులు కట్టబోతుంటే తన పార నాకిచ్చాడు.

"తాతా, దీన్ని నేలకు తగలనివ్వకు."

కొండ కింద రాతిగొయ్యిలో వేశారు వాణ్ణి. రుటిలా మాతోపాటే ఈ గట్టు మీద కూర్చుని, వొలెరో బార్లీతోనే మాకు అంబలి కాస్తోంది. కేసోను ఇంకా క్షమించలేదు. కానీ వాడి వాటా వేరే గిన్నెలో పోసి, మూతపెట్టి రోజూ రాతిగొయ్యికి తీసుకెళ్తోంది. నేనేమీ అడగలేదు. మీరూ అడక్కండి.

కాలువలో ఎవరూ దిగడం లేదు. చిత్తడి మళ్ళీ పెరిగి పెద్దల వాకిళ్ళలోకొచ్చింది. నిన్న ఒక కప్ప పూజారి ఆసనం మీద కూర్చుని తీర్పు చెప్పిందట. చెప్పినవాడు నాలాంటివాడే, సగం తీసేయండి. రేపు రాజు కొత్త సైన్యంతో వస్తున్నాడన్నది మాత్రం పూర్తిగా నిజం. పార ఒక్క క్షణం నేలకు తగిలినా ఇది మళ్ళీ గోడే, దాటినవాళ్ళందరికీ చావే అని చాటింపు వేయించాడు.

అందుకని కేసో పారను వంతులవారీగా మోస్తున్నాం. రేకు మీద మరక అలాగే ఉంది. కడగలేదు. కడగం కూడా.

గాడిదలు తోలే అన్నల్లారా, ఇటుకలు కాల్చే అక్కల్లారా, మైనప్పలక మీద అక్షరాలు దిద్దే అబ్బాయిల్లారా! కథ విన్నారు, నవ్వారు, బాగుంది. ఈ ముసలాడి భుజం జారిపోతోంది.

ఎవరిదమ్మా తర్వాతి భుజం?