ఓడ నాణెం మీద నొక్కు

"చేతులు కడుక్కున్నావా?"

ప్రతి ఆదివారం పొద్దున్న మామగారు ఆమెను అడిగే మొదటి మాట ఇదే. తెల్లవారుజాము ఐదింటి నుంచి నీళ్ళలో నానుతున్న చేతులవి. గిన్నెలు తోమి, బట్టలు జాడించి, నేల తుడిచి, వేళ్ళ కొసలు ముడతలు పడిన చేతులు. ఆ ఇంట్లో అంతకన్నా ఎక్కువ కడిగిన వస్తువు ఇంకొకటి లేదు. అయినా పదమూడేళ్ళలో ఆ ప్రశ్న ఒక్క వారం కూడా తప్పలేదు. "కడుక్కున్నాను మామయ్యా" అని ఆమె మెత్తటి నూలు గుడ్డ పట్టుకుని నాణేల అలమర ముందు కూర్చుంటుంది. సొరుగులు ఒక్కొక్కటే లాగి, గుంటల్లో పడుకున్న నాణేలను అంచు పట్టుకుని తీయాలి. రుద్దకూడదు, అద్దాలి. పచ్చగా చిలుము పట్టిందేమో చూడాలి, చిన్న త్రాసులో తూచి చీటీ రాయాలి, తెల్లకాగితం మీద పెట్టి కిటికీ వెలుగులో ఫొటో తీయాలి. జాబితా పుస్తకం నాలుగు వందల పేజీలూ ఆమె దస్తూరీయే. మొదటి పేజీలో మాత్రం మామగారి పేరూ, ఆయన కొడుకు పేరూ ఉంటాయి.

ఆ అలమరలో మామగారి ప్రాణం మూడో సొరుగులో ఉంది. అదొక వెండి నాణెం. ఒకవైపు ఎప్పటిదో ఒక రాణి తల, రెండోవైపు తెరచాపలెత్తిన ఓడ. ఓడ స్తంభం పక్కన నువ్వుగింజంత నొక్కు. ఆ నొక్కు ఆమెదే.

పెళ్ళైన మొదటి ఏడాది అది. నాణెం చేతిలో ఉండగా వంటింట్లోంచి అత్తగారు "పాలు పొంగుతున్నాయి, నీకేమైనా చెవుడా?" అని కేక పెట్టింది. కొత్త కోడలు పిడికిలి మూసి పరుగెత్తింది. పొయ్యి కట్టేసి గిన్నె దించడానికి పిడికిలి విప్పింది. నాణెం రాతి గట్టు అంచు మీద పడి టంగుమంది. పాలు పొంగకుండా ఆపిన సంగతి ఆ పూటే అందరూ మరిచిపోయారు. నొక్కును మాత్రం ఎవ్వరూ మరిచిపోలేదు. "కోతికి కొబ్బరికాయ ఇచ్చినట్టయింది" అంది అత్తగారు. మామగారు రెండు రోజులు అన్నం ముట్టలేదు. మొగుడైతే ఇంటికొచ్చిన ప్రతి మనిషికీ సొరుగు లాగి చూపించడం మొదలుపెట్టాడు. "ఇదిగో, ఇది మా ఆవిడ చేతి చలవ!" వచ్చినవాళ్ళు నవ్వేవాళ్ళు. ఆమె కాఫీ కప్పులు తీసుకుని లోపలికి వెళ్ళేది. పదమూడేళ్ళ పాటు ఒకే జోకుకు నవ్వగలిగే మనుషులు లోకంలో ఇంతమంది ఉంటారని ఆమెకు అంతకుముందు తెలియదు.

కన్ను అనేది ఎవరో నేర్పితే వచ్చేది కాదు. వారం వారం అవే నాణేలు చూడగా చూడగా ఆమెకు దానంతటదే వచ్చింది. దెబ్బకొట్టి ముద్రించిన నాణెంలో అక్షరాలు కత్తిరించినట్టు నిక్కచ్చిగా ఉంటాయి. అచ్చులో పోసిన దొంగ నాణెంలో చప్పరించిన బిళ్ళ మీద అక్షరాల్లా కరిగి ఉంటాయి. అంచు మీద సన్నటి అతుకు గీత ఉంటుంది. బరువు తగ్గుతుంది. అన్నిటికన్నా గట్టి ఆనవాలు గీతలూ నొక్కులూ. రెండు నాణేలకు ఒకే చోట, ఒకే రకం దెబ్బ తగలదు. ఒకేలాంటి నొక్కు రెండింటి మీద కనబడిందంటే, రెండూ ఒక్క తల్లి నుంచి అచ్చు తీసి పోసినవే.

ఆన్‌లైన్ వేలంపాట సైటులో దొంగ నాణేలను పట్టించడానికి ఒక స్వచ్ఛంద బృందం ఉంది. జీతం లేదు, భత్యం లేదు. జీతం లేని పని ఆమెకు కొత్తా? మూడేళ్ళ క్రితం చేరింది. పేరు రాయమంటే ఏం రాయాలో తోచక, గట్టు మీద పాకుతున్న చీమను చూసి "చీమ" అని రాసింది. మధ్యాహ్నం గిన్నెలయ్యాక, సాయంత్రం టీకి ముందు దొరికే రెండు గంటలూ ఆమెవి. ఇప్పటికి మూడు వందల పైచిలుకు దొంగ నాణేలను చీమ కుట్టింది. ఫలానాది నకిలీ అని ఊరికే అనదు. ఎందుకో, ఎక్కడో, గీత గీసి మరీ చూపిస్తుంది.

ఇందులో తమాషా ఏమిటంటే, ఇంట్లో చీమకు పెద్ద అభిమాని మొగుడే. ఆయన ఆఫీసు పనికి తోడు నాణేల క్లబ్బులో నిపుణుడు. ఆయన ఉపన్యాసాలు రాసిపెట్టేదెవరో వేరే చెప్పక్కర్లేదు. భోజనాల దగ్గర తండ్రితో అనేవాడు: "చీమ అని ఒకాయన ఉన్నాడు నాన్నా. ఏం కన్నండీ బాబూ! ఏ యూనివర్సిటీలోనో ప్రొఫెసరై ఉంటాడు." ఆ ప్రొఫెసరు వడ్డిస్తూ "ఇంకొంచెం కూర వెయ్యనా?" అని అడిగేది. ఒకసారి చెబుదామనుకుంది కూడా. ఆలోపే ఆయన "మా ఆవిడకి నాణెమంటే కూరగాయల చిల్లరే" అన్నాడు. చెప్పాలన్న సరదా అక్కడితో చచ్చిపోయింది.

ఆ మంగళవారం వేలంలో ఓడ నాణేలు రెండు కనబడ్డాయి. ఇద్దరు వేరే వేరే అమ్మకందార్లు, ఆమె ఎరగనివాళ్ళు. అక్షరాలు కరిగి ఉన్నాయి, సరే, దొంగవే. అలవాటుగా ఫొటో పెద్దది చేసింది. స్తంభం పక్కన నువ్వుగింజంత నొక్కు. రెండోదాని మీద కూడా అదే చోట, అదే వాలు. కన్నబిడ్డ పుట్టుమచ్చను వీధిలో ఎవరి మొహం మీదో చూసినట్టయింది. కిందికి జరిపితే మూడోది వచ్చింది. "మా నాన్నగారి సేకరణ నుంచి." తెల్లకాగితం, కిటికీ వెలుగు. ఆ ఫొటో తను తీసిందే. అమ్మేది తన మొగుడు.

లేచి వెళ్ళి మూడో సొరుగు లాగింది. అసలు నాణెం దాని గుంటలో హాయిగా ఉంది. అప్పుడు గుర్తొచ్చింది. రెండు నెలల క్రితం "మంచి డబ్బా చేయిద్దాం, కొలత కావాలి" అని ఆయన దాన్ని పట్టుకెళ్ళి మూడు వారాలు బయట ఉంచాడు. తిరిగొచ్చినప్పుడు అక్షరాల సందుల్లో ఎర్రగా ఏదో జిడ్డు ఉంది. ఆమే సబ్బునీళ్ళతో, మెత్తటి బ్రష్షుతో కడిగింది. అది అచ్చు తీసిన రబ్బరని అప్పుడు తట్టలేదు. దొంగతనపు మరకను కూడా తన చేతే కడిగించారు! ఆ సాయంత్రం కడగడానికి ఆయన సంచిలోంచి లంచ్ డబ్బా తీస్తుంటే అడుగున గుడ్డమూట తగిలింది. లోపల ఇంకో మూడు ఓడలు. తూచింది. చీటీ మీద పదకొండున్నర గ్రాములు, త్రాసులో తొమ్మిది కూడా లేదు. అంచు మీద గోరు పెట్టి తిప్పింది. అతుకు గీత గోటికి తగిలింది.

వేలం ఆదివారం సాయంత్రం నాలుగింటికి ముగుస్తుంది. ఆయన నాణెం కింద ఒక నర్సు ప్రశ్న అడిగింది. "ఇలాంటిదే మా అమ్మ దగ్గర ఉండేదండీ, ఇల్లు మారేటప్పుడు పోయింది. ఇప్పుడామెకు ఏమీ గుర్తుండట్లేదు గాని ఆ ఓడను అడుగుతూ ఉంటుంది. నిజమైనదేనా?" దానికి ఆయన జవాబు: "నిశ్చింతగా కొనుక్కోండమ్మా. మా ఇంట్లో అబద్ధం ఉండదు."

శనివారం మధ్యాహ్నం చీమకు ఉత్తరం వచ్చింది. "పూజ్యులు చీమగారికి నమస్కారాలు. మీది డేగ కన్ను. మీ రాతలన్నీ దాచుకుని చదువుకుంటాను. నా ఓడ నాణెం మీద గిట్టనివాళ్ళు ఏదో గుసగుసలాడుతున్నారు. మీలాంటి పెద్దలు మంచిదేనని ఒక్క మాట రాస్తే చాలు, మీ మేలు మరువలేను." ఆమె మూడుసార్లు చదివింది. పదమూడేళ్ళ కాపురంలో ఆయన ఆమెను "మీరు" అనడం అదే మొదలు. ముందు నవ్వొచ్చింది. ఆ తర్వాత ఏడుపొచ్చింది. ఇంత గౌరవం ఈ మనిషి దగ్గరే ఉందన్నమాట. లేక ఇవ్వలేదనుకుంది ఇన్నాళ్ళూ. ఉండీ ఇవ్వలేదు.

ఆ సాయంత్రం బట్టలు మడతపెడుతూ అడిగింది.

"ఏమండీ, ఓడ నాణెం అమ్ముతున్నారా?"

"నీకెవరు చెప్పారు?"

"మీ సంచిలో మూడున్నాయి. అసలుది అలమరలోనే ఉంది."

ఆయన పేపరు దించాడు. కోప్పడలేదు, పిల్లకు చెప్పినట్టు నెమ్మదిగానే చెప్పాడు. "చూడు, ఇదివరకే ఇద్దరు వ్యాపారులకి చెరొకటి ఇచ్చాను. కొన్నవాళ్ళకి తృప్తి, మనకి నాలుగు రాళ్ళు. ఎవరికీ నష్టం లేదు. నాన్నకి చెప్పకు, గుండె ఆగిపోతుంది."

"ఆ నర్సు వాళ్ళమ్మ కోసం..."

"ఆవిడ త్రాసు పెట్టి తూస్తుందా? ఆ చీమగారే పట్టుకోలేదు, నువ్వు పట్టుకుంటావా? వెళ్ళి టీ పెట్టు."

టీ పెట్టింది. మరుగుతున్న నీళ్ళలో పొడి వేసింది. ఇంటి గుట్టు లంకకు చేటు అని ఆమె తల్లి చెప్పి పంపింది. రిపోర్టు రాస్తే ఆయన ఖాతా పోతుంది, క్లబ్బులో కుర్చీ పోతుంది, మామగారి పేరు పదిమంది నోళ్ళలో పడుతుంది. చివరికి తప్పంతా ఎవరి నెత్తిన పడుతుందో కూడా ఆమెకు తెలుసు. ఊరుకుంటే ఏం పోతుంది? ఎవరికీ ఏమీ పోదు. తన కన్ను తప్ప. ఈ ఇంట్లో ఆమెకంటూ ఉన్నది అదొక్కటే. దాన్ని కూడా ఆయన "ఒక్క మాట" కింద అడుగుతున్నాడు.

ఆదివారం పొద్దున్న మామగారు ఎప్పటిలాగే "చేతులు కడుక్కున్నావా?" అన్నారు. ఆమె ఆయన పక్కన కుర్చీ లాక్కుని కూర్చుంది. మూడో సొరుగులోంచి అసలు నాణేన్నీ, మొగుడి గుడ్డమూటలోంచి ఒక దొంగ నాణేన్నీ తీసి ఆయన చెరో అరచేతిలో పెట్టింది. "తూచి చూడండి మామయ్యా" అంది. ముసలాయన చాలాసేపు తూచారు. వేలితో అంచు తడిమారు. మొహం పాలిపోయింది. "వాడా?" అన్నారు. ఆమె తలూపింది. ఆయన కళ్ళు తుడుచుకుని దొంగ నాణేన్ని ఆమె చేతిలో తిరిగి పెట్టేశారు. అసలుది కూడా ఇచ్చారు. "నీకు తెలిసినట్టు చెయ్యి" అన్నారు. గుండె ఆగిపోలేదు.

రెండున్నరకు గిన్నెలయ్యాయి. ఆమె రిపోర్టు తెరిచి వరసగా నింపింది. బరువు, అతుకు గీత, కరిగిన అక్షరాలు. మూడు నాణేల మీదా ఒకే నొక్కు, గీత గీసి. ఎర్ర జిడ్డు సంగతి. ఆఖరి ప్రశ్న ఒకటి మిగిలింది: "మీరు చూపిన ఆనవాలు అసలు నాణెం మీదదేనని మీకెలా తెలుసు?"

ఆ గడిలో రాసింది. "పదమూడేళ్ళ క్రితం పాలు పొంగుతుంటే పరుగెత్తి, ఆ నాణేన్ని కింద పడేసింది నేనే." కింద చీమ అని కాకుండా తన పూర్తి పేరు రాసింది. పంపింది. మూడున్నరకల్లా మూడు ఓడలూ వేలంలోంచి మాయమయ్యాయి. నర్సుకు విడిగా రెండు ముక్కలు రాసింది, మంచిది ఎక్కడైనా కనబడితే తానే చెబుతానని.

హాల్లో ఆయన ఫోను పట్టుకుని నిలబడి ఉన్నాడు. మొహం కందగడ్డలా ఉంది. అలవాటు కొద్దీ ముందు "టీ ఏదీ?" అన్నాడు.

ఆమె తడిచేతులు తుడుచుకుని ఆయన ఎదురుగా కూర్చుంది.

"చీమగారికి ఉత్తరం రాశారుగా," అంది, "జవాబు పంపాను."