వెనక్కి తీసుకున్న మూడు సంతకాలు

మోంటానా తూర్పు పల్లెల నుంచి కోర్టు ఊరికి బండి మీద రెండు రోజులు. పోయిన చలికాలం భూమి కాగితాలు నమోదు చేయించడానికి బయల్దేరిన ముసలి హిల్డర్ మంచులో కొయ్యబారి దారిలోనే పోయాడు. అప్పుడే తమకు వేరే కౌంటీ, అంటే దగ్గర్లోనే సొంత కోర్టు ఉండే జిల్లా, కావాలని జనం పట్టుబట్టారు.

చట్టం తేలిగ్గా ఒప్పుకోదు. కొత్త హద్దు పాత కోర్టు ఊరికి పదిహేను మైళ్ల అవతల ఉండాలి. ఓటర్లలో సగం మంది, అంటే నాలుగువందల పన్నెండు మంది, అర్జీ తెచ్చిన మనిషి కళ్లముందే సంతకం పెట్టాలి. బళ్లో పాఠాలు చెప్పే టోరా రూడ్ గుర్రం మీద ఇల్లిల్లూ తిరిగి నాలుగువందల ఇరవై ఏడు సంతకాలు కూడగట్టింది. కౌంటీ వస్తే బళ్లన్నిటి మీదా అధికారిగా ఆమెనే నిలబెడతామన్నారు పెద్దలు.

కోర్టు ఊళ్లో అర్జీ విచారణ రోజున కౌంటీ గుమాస్తా మరో కాగితం తీశాడు. విచారణ మొదలయ్యేలోగా ఎవరైనా సంతకం వెనక్కి తీసుకోవచ్చట. పాత కోర్టు ఊరి వ్యాపారులు మనసు తిప్పిన పద్నాలుగు మంది పేర్లు చదివాడు. ఆ సంగతి టోరాకు తెలుసు. అవి పోయినా ఇంకా ఒకటి ఎక్కువే. గుమాస్తా ఇంకో మూడు పేర్లు చదివాడు.

"ఆంటన్ రూడ్. లార్స్ రూడ్. ఈవెర్ రూడ్."

తన మొగుడు, ఇద్దరు మరుదులు. పొరపాటేమోనని టోరా లేచి వెళ్లి కాగితం చూసింది. ఆంటన్ రాతే. రెండు తక్కువై అర్జీ అక్కడే కొట్టేశారు.

బయట ఆంటన్ గుర్రాల దగ్గర తల వంచుకు నిలబడి ఉన్నాడు.

"ఆ పదవొస్తే నువ్వు ఊళ్లోనే ఉండిపోతావు. ఇంటికి రావనిపించింది" అన్నాడు.

"నెల్లాళ్లుగా నా ఎదుటే కూచుని తింటున్నావు. ఒక్క మాట చెప్పలేకపోయావా?"

ఆమె అతని బండి ఎక్కలేదు. లోపలికెళ్లి, మళ్లీ అర్జీ పెట్టొచ్చా అని గుమాస్తాని అడిగింది. పెట్టొచ్చు గానీ పాత సంతకాలు చెల్లవు, మొదటి పేరు నుంచీ మళ్లీ మొదలన్నాడు. ఖాళీ కాగితాలు తీసుకుని హిల్డర్ కొడుకు బండిలో ఇంటికెళ్లింది.

రెండో అర్జీ నెగ్గింది. దాని మీద రూడ్ ఇంటి మగవాళ్ల సంతకాలు లేవు, ఆమె అడగనూ లేదు. బళ్ల అధికారి పని మీద టోరా వారంలో ఐదు రోజులు కొత్త కోర్టు ఊళ్లో ఉండేది. శనివారాలు ఆంటనే బండి కట్టుకుని వచ్చేవాడు. ఆమె ఎక్కేది. మాటలు కలవడానికి మాత్రం ఇంకో చలికాలం పట్టింది.