మామ్మ నోటి ఫోటో

పళ్ళ డాక్టరు కోర్సు బీడీయస్‌లో ఆఖరి ఏడాది చదువుతున్న రాజశ్రీకి కాలేజీవాళ్ళు ఒక పని అప్పగించారు. పొగాకూ, ఎలక్ట్రానిక్ సిగరెట్టు పీల్చే వేపింగూ నోటిని ఏం చేస్తాయో అనకాపల్లి డిగ్రీ విద్యార్థులకు ఎంతవరకు తెలుసో ముందు కనుక్కోవాలి, తర్వాత వాళ్ళని కూర్చోబెట్టి చెప్పాలి. ప్రశ్నలు తనే రాసింది. సరిగ్గా కుదిరాయో లేదో చూద్దామని మొదటి కాగితం తనే నింపింది. "మీ ఇంట్లో పొగాకు వాడేవారు ఉన్నారా?" అన్నచోట లేరని టిక్కు పెట్టింది. తండ్రి సత్తియ్య చెరకు రైతు, వక్కపలుకు కూడా ముట్టడు. ఇంకెవరున్నారని?

మామ్మ ఉంది. రాంబిల్లి దగ్గర వాళ్ళ ఊళ్ళో మామ్మ చిన్నమ్మలు నలభై ఏళ్ళుగా అడ్డపొగ తాగుతోంది. అంటే చుట్ట వెలిగించి, నిప్పున్న కొసని నోట్లో పెట్టుకుని పీల్చడం. గాలికి ఆరిపోదు, చెరకు తోటలో కలుపు తీయడానికి రెండు చేతులూ ఖాళీగా ఉంటాయి. పుట్టినప్పటినుంచి చూస్తున్న మామ్మ చుట్టని పొగాకు లెక్కలో వేయాలని రాజశ్రీకి తట్టలేదు. పాఠ్యపుస్తకంలో ఆ అలవాటు మీద ఒక పేజీ ఉంది. దాన్ని కంఠతా పట్టింది, పరీక్షలో రాసింది, మంచి మార్కులూ తెచ్చుకుంది. ఏం చదువో ఏమో!

నెట్‌లోంచి తీసిన బొమ్మలు కాదు, మన ప్రాంతపు మనిషి నోరు చూపిస్తే పిల్లలు వింటారని కాలేజీలో ఈ పని చూసే గైడ్ అన్నాక గానీ ఆమెకి మామ్మ గుర్తు రాలేదు. ఆ ఆదివారమే ఊరికి బస్సెక్కింది.

ఫోటో అనగానే మామ్మ కొత్త కోక కట్టుకుని, తల దువ్వుకుని అరుగు మీద కూర్చుంది.

"నోరొక్కటే తీత్తాను మామ్మా, మొహం పడదు" అంది రాజశ్రీ నవ్వుతూ.

"పడకపోతే ఏటి? కోక కట్టుకోకూడదేటి? నీ సదువుకి నా నోరు పనికొచ్చింది, అదే సాలు. సూడు గుంటా."

రాజశ్రీ ఫోన్ టార్చి వేసి చూసింది. అంగిలి తెల్లబారి, ఎర్రటి చుక్కలతో ఉంది. అది అనుకున్నదే. అనుకోనిది వెనకవైపు ఉంది. రూపాయి బిళ్ళంత పుండు, అంచులు గట్టిపడి ఉన్నాయి. ముందు ఫోటో తీసింది.

"ఇది ఎన్నాళ్ళయింది మామ్మా?"

"కారం తింటే మంటెడతందని పోయిన దసరాకి నీకు సెప్పేను కదే. వయసు మామ్మా, పచ్చిమిరగాయలు మానీ అన్నావు. మానీసేను."

అన్న మాట నిజం. ఫోన్ చూసుకుంటూ అంది. ఆ సంగతి రాజశ్రీకి ఇప్పుడు గుర్తొచ్చింది.

విశాఖ ఆసుపత్రిలో పుండులోంచి చిన్న ముక్క తీసి పరీక్షకు పంపారు. క్యాన్సరే. మెడలోకీ పాకిందనీ, ఆపరేషన్‌కి సమయం దాటిపోయిందనీ పెద్ద డాక్టరు చెప్పాడు. నెల తిరిగేసరికి మామ్మకి గంజి కూడా మింగుడుపడటం లేదు. మాట కూడా కష్టంగానే వస్తోంది. అయినా మనవరాలు కనిపించినప్పుడల్లా ఒకటే అడిగేది, "పిల్లలకి సూపించేవా?" అని. ఉపన్యాసం మానుకుందామనుకున్న రాజశ్రీ ఆ మాట కోసమే వెళ్ళింది.

అనకాపల్లి డిగ్రీ కాలేజీ హాలు నిండింది. ప్రశ్నల కాగితాల్లో సిగరెట్టు చెడ్డదని దాదాపు అందరూ రాశారు. వేప్ మాత్రం ఫర్వాలేదని సగంమందికి పైగా రాశారు.

"దాంట్లో నిప్పు లేదు కదా మేడమ్, స్ట్రాబెర్రీ వాసనొస్తుంది" అన్నాడు ధనరాజ్ అనే కుర్రాడు. అందరూ గొల్లున నవ్వారు.

"వాసన స్ట్రాబెర్రీదే, లోపల ఉండేది మాత్రం నికోటిన్. నోరు ఎండిపోతుంది, చిగుళ్ళు పాడవుతాయి. బయటికి ఏమీ కనిపించదు కాబట్టి మీరు చూసుకోరు" అని రాజశ్రీ మామ్మ ఫోటో తెర మీద వేసింది.

ముందు వరసలో లావణ్య అనే అమ్మాయి లేచింది.

"పాపం, ఈవిడకి చెప్పేవాళ్ళు ఎవరూ లేరా మేడమ్?"

"మనవరాలుంది" అంది రాజశ్రీ. "పళ్ళ డాక్టరు చదువుతోంది. ఇన్నేళ్ళలో ఒక్కసారి కూడా నోరు తెరవమని అడగలేదు."

చేతిలో మైకు ఉన్న సంగతి కూడా మరిచిపోయి, అంతమంది ముందు భోరున ఏడ్చేసింది.