రెండు తలుపుల బండి

ఆ పొద్దున హసన్‌పర్తి చెరువు మీద మబ్బు ఎటూ కదలకుండా నిలబడింది. కురుస్తానని చెప్పదు, కురవనని చెప్పదు. తూర్పున జానెడు మేర తెల్లగా విడిచిపెడితే అందులోంచి ఎండ వచ్చి పోతూ ఉంది. భాద్రపదంలో అట్లాంటి ఆకాశాన్ని రైతు నమ్మడు. కుమారస్వామి వ్యవసాయం విడిచి ట్రాక్టర్లు బాగుచేసే షెడ్డు పెట్టి పదిహేనేళ్లయింది గాని, లేవగానే పైకి చూసే అలవాటు పోలేదు. చూశాడు. చూసి, వాకిట్లో కారు మీది పరదా తీశాడు.

పాలపిట్ట రెక్క రంగు కారు. రెండే తలుపులు. ముందు మూతి సాగి, నడుము వంగి, వెనక భాగం కాస్త ఎత్తి, దూకబోయే పిల్లిలా ఉంటుంది. హనుమకొండలో ఒక డాక్టరు గారి కొడుకు పై చదువుకు పోతూ అమ్మేస్తే, పాత ట్రాక్టరు వచ్చే ధరకే వచ్చింది. పనికి గాక ఇష్టానికి అతను కొన్న మొదటి ఇనుము అదే.

మూడు నెలల్లో దాని గుణమంతా అతనికి తెలిసింది. అందులో కూర్చుంటే నేల మీద చాప వేసుకుని కూర్చున్నట్టే. పక్కన పోయే ఆటో చక్రం కంటికి సమానంగా తిరుగుతుంది. స్టీరింగు బరువే, కానీ చెప్పిన మాట చెప్పినట్టు వింటుంది. మూడో గేరులో కాలు నొక్కితే ఎవరో వీపు పట్టి ముందుకు తోసినట్టుంటుంది, అప్పుడు ఇంజను గొంతు మారుతుంది. పదిహేనేళ్లు ఇంజన్ల కింద పడుకున్న మనిషి ఆ గొంతు విని రెండుసార్లు ఒంటరిగా నవ్వుకున్నాడు. వంకలూ ఉన్నాయి. డిక్కీలో బియ్యం బస్తా పట్టదు. స్పీడ్ బ్రేకరు వస్తే ఏటవాలుగా ఎక్కించాలి, లేదంటే పొట్ట గీసుకుంటుంది. వెనక అద్దంలోంచి సగం లోకమే కనబడుతుంది.

అతని భార్య సుకన్యకు ఆ వంకలే కనబడ్డాయి.

"కారా ఇది? సందుగ. ఎక్కాల్నంటె ఒకలు నూకాలె, దిగాల్నంటె ఒకలు గుంజాలె" అన్నది మొదటి రోజే.

నిన్న రాత్రి అన్నం దగ్గర మాట తేల్చేసింది. "రేపు చిన్నత్త మనుమని తొట్టెల పండుగకు దీంట్లనే పోదాం. మంచిగ పోయి మంచిగొస్తె ఇగ నేనేమన. నడుమ ఏదన్న కిరికిరైతె మాత్రం అమ్ముడే. సరేనా?"

"సరే" అన్నాడు కుమారస్వామి. అతను ఎప్పుడూ అంతకంటే ఎక్కువ మాట్లాడడు.

మాట్లాడవలసిన సంగతి ఒకటి ఉంది. వెనక సీటులోకి దారి ఎడమ పక్క తలుపు నుంచే. ముందు సీటు భుజం మీదున్న లివరు లాగితే సీటు ముందుకు ఒరుగుతుంది, ఆ సందులోంచి దూరాలి. పది రోజుల కింద ఆ లివరు కేబులు లోపల తెగింది. సీట్లు కుట్టే లియాఖత్ అలీ విప్పి చూసి, "కేబుల్ తెప్పియ్యాలె భాయ్. అందాక ఎన్కల ఎవ్వల్ని కూసోపెట్టకు" అన్నాడు. కుమారస్వామి సీటును పట్టి ఉంచే కొక్కేనికి ఇంత బైండింగు తీగ కట్టి, కొసను సీటు కవరు కిందికి దోపాడు. పదిసార్లు లాగితే ఎనిమిదిసార్లు ఊడేది. ఈ సంగతి సుకన్యకు చెబితే కారు ఆ రోజే పోతుంది. ఇంకో వారంలో కేబులు వస్తుంది, వస్తే చెప్పే పనే ఉండదని ఊరుకున్నాడు.

తల్లి యాకమ్మ మోకాళ్లు వంగవు, ఆమె ముందే కూర్చోవాలి. అంటే సుకన్య వెనక. కుమారస్వామి భార్యకు వీపు అడ్డం పెట్టి తీగ లాగాడు. మొదటిసారికే టక్కుమని సీటు ఒరిగింది. ఆమె చీర కుచ్చిళ్లు ఎత్తిపట్టి, గొణుక్కుంటూ లోపలికి దూరింది. సీటు వెనక్కి కొట్టి తల్లిని కూర్చోబెట్టాడు. ఇక చిన్నత్త గారి ఊళ్లో దిగేటప్పుడు, మళ్లీ ఎక్కేటప్పుడు, తిరిగొచ్చినాక ఒక్కోసారి. అంతే.

ములుగు రోడ్డు ఎక్కాక యాకమ్మకు హుషారొచ్చింది. "అగో, ఆర్టీసీ బస్సు ఎన్కబడ్డది కొడుకా! మీ నాయినుంటె మీసం దువ్వేటోడు."

"మెల్లగ పోనియ్యి" అన్నది వెనక నుంచి సుకన్య. కాసేపాగి, "ఏందయ్యా, మాటిమాటికి అత్త సీటు దిక్కు చూస్తవు?"

"ఏంలే."

"అత్త యాడికన్న పారిపోతదా?"

యాకమ్మ కిసుక్కున నవ్వింది. అతను నవ్వలేదు. రోడ్డు మీద ప్రతి గుంతకూ సీటు కింద తీగ చిన్నగా గీరుకోవడం అతని చెవి పట్టుకుంటూనే ఉంది. ఆ చప్పుడు మిగతా ఇద్దరికీ వినబడదు.

పెద్ద రోడ్డు దిగి ఊరి రోడ్డు పట్టేసరికి మబ్బు నల్లబడింది. మైలు దూరం పోగానే రోడ్డు కనబడకుండా పోయింది. ఈ అంచు నుంచి ఆ అంచు దాకా, యాభై గజాల పొడుగునా ఎండిన పెసర చెట్టు పరిచి ఉంది. పంట పీకి, ఎండబెట్టి, రోడ్డు మీద పరిస్తే వచ్చే పోయే బండ్లే తొక్కుతాయి. కాయ పగిలి గింజ కిందికి రాలుతుంది. పైన కట్టె ఎత్తేసి గింజ ఊడ్చుకోవడమే. తొక్కకుండా పక్కకు తిప్పుకుని పోయేవాణ్ణి ఆ దిక్కున ఎవరూ మెచ్చరు. చిన్నప్పుడు కుమారస్వామి కూడా రోడ్డుకు అడ్డంగా నిలబడి, లారీ డ్రైవర్లకు దండం పెట్టి తొక్కించినవాడే.

అంచున పంగలకట్టె పట్టుకుని ఒక రైతు ఆకాశాన్ని చూస్తున్నాడు. పక్కన అతని భార్య చేటతో నిలబడి ఉంది. కారును చూడగానే ఇద్దరి మొహాలూ తేటపడ్డాయి.

కుమారస్వామి బ్రేకు మీద కాలు పెట్టాడు. ఈ బండి పొట్టకూ నేలకూ నడుమ జానెడు లేదు. పెసర మందం మూరెడుంది. రోడ్డు వారన వరి మడి, నీళ్లు నిండి ఉంది. పక్కకు తిప్పే జాగా లేదు. వెనక్కి పోతే చుట్టుదారి.

"తొక్కు కొడుకా, పుణ్యముంటది" అన్నది యాకమ్మ.

తొక్కాడు. కట్టె కారు పొట్టను గీరుతూ, కింద ఎన్నో చేతులు దేవులాడినట్టు చప్పుడు చేసింది. ఆ చప్పుడు అతనికి నచ్చలేదు. అవతలి అంచు చేరేసరికి రైతు పక్కనే పరుగెత్తుకొచ్చి అద్దం మీద తట్టాడు.

"అన్నా, నీకు దండం పెడ్త, జర ఎన్కకొచ్చి ఇంకోపాలి పో! ట్రాక్టరోడు వస్తనని రాలే. పొద్దటిసంది రెండు మోటర్‌సైకిళ్లే పోయినయ్. వాన పడితె కాయల్నే మొలకొస్తది. నా పేరు నర్సయ్య, ఈ ఊరే."

"ఆలస్యమైతాంది" అన్నది సుకన్య.

కాదంటే సరిపోయేది. 'నా బండి పొట్ట కిందికున్నది, కట్టె చుట్టుకుంటది' అని ఒక్క మాట. కాని రైతు నోటితో అడిగిన పని, తల్లి పక్కనే ఉంది, పైగా ఈ కారు అన్నిటికీ పనికొస్తుందని సుకన్యకు చూపించే సందు దొరికింది. కుమారస్వామి రివర్సు గేరు వేశాడు.

వెనక్కి వచ్చాడు. మళ్లీ ముందుకు. మొదటి గేరులో, నత్తనడకన, ఇంజను వేడెక్కుతూ. నర్సయ్య భార్య అనసూయ పైకట్టెను తిరగేస్తూ, "ఇగో ఈ దిక్కు, ఈ దిక్కు చక్రం రానియ్యి బావా!" అని వరస కలిపేసింది.

"బావనట! ఇప్పటికిప్పుడు సుట్టమైండు" అని యాకమ్మ మురిసింది.

మూడోసారి సగం దూరంలో ఎండుగడ్డి కాలే వాసన వచ్చింది. ఎక్కడో చేనుగట్టు కాలబెడుతున్నారనుకున్నాడు. రెండు గజాలు పోయాక గేరు పక్కనుంచి సన్నని పొగ లేచింది.

"మంట! కింద మంట!" అనసూయ చేట పారేసి అరిచింది.

కుమారస్వామి ఇంజను ఆపి దూకాడు. వంగి చూశాడు. సైలెన్సరు గొట్టం పొడుగునా పెసర కట్టె పేనిన తాడులా చుట్టుకుని, పసుపు నాలుకలతో కాలుతూ ఉంది. పెట్రోలు ట్యాంకు దానికి రెండు మూరల దూరం. ఎడమవైపు పరుగెత్తి తలుపు తీశాడు.

"అమ్మా, దిగు!"

యాకమ్మకు మోకాళ్లు కదలలేదు. అనసూయ వచ్చి చంకల కింద చేతులేసి గింజల బస్తాను లాగినట్టు లాగింది. ముసలామె రోడ్డు మీద కూలబడింది. అతను కవరు కింద వేలు దూర్చి తీగ పట్టి లాగాడు.

సీటు ఒరగలేదు.

మళ్లీ లాగాడు. ఒరగలేదు.

"లివర్ గుంజయ్యా!" వెనక నుంచి సుకన్య రెండు చేతులా సీటును తోస్తూ ఉంది. పొగ ఆమె మోకాళ్ల దాకా వచ్చింది.

"లివర్ పనిచెయ్యదు."

"ఆఁ?"

"తెగింది. తీగ కట్టిన."

ఆమె ఒక్క క్షణం తోయడం ఆపి అతని మొహంలోకి చూసింది. ఆ చూపు మంటకంటే ముందు అతన్ని తాకింది. నడుమ సందులోంచి డ్రైవరు వైపు దూరబోయింది గాని, గేరు పెట్టె ఎత్తుకూ రెండు సీట్ల మందానికీ నడుము ఇరుక్కుంది. దగ్గు తెర అందుకుంది. వెనక్కి పడింది.

"తన్ను!" అని అరిచాడు కుమారస్వామి. అంత గట్టిగా అతను అరవడం ఆమె ఎన్నడూ వినలేదు. "ఎన్కకు ఆనుకొని రెండు కాళ్లతోని సీటును తన్ను! నేను గుంజినప్పుడే తన్ను!"

తీగను పిడికిలికి మూడు చుట్లు చుట్టుకున్నాడు. కాలు గుమ్మానికి తన్నిపెట్టి, ఒళ్లంతా వెనక్కి వేసి లాగాడు. తీగ అరచేతిలోకి దిగింది. సుకన్య తన్నింది. కొక్కెం కదిలింది గాని ఊడలేదు. మళ్లీ లాగాడు, మళ్లీ తన్నింది. టక్కుమన్నది. సీటు ముందుకు పడింది, దాని మీదుగా సుకన్య అరచేతుల మీద బయటికొచ్చి పడింది. చీర కొంగు సీటు కింది పట్టాలో చిక్కితే అనసూయ పర్రున చింపి ఆమెను అవతలికి ఈడ్చింది.

"నా పెసర! నూకుండ్రి, నూకుండ్రి!" నర్సయ్య గొంతు చీలిపోయింది. కారు కింది మంట పరిచిన కట్టెకు అంటుకుంది. రెండెకరాల పంట ఆ రోడ్డు మీదే ఉంది.

కుమారస్వామి లోపలికి చెయ్యి పెట్టి హ్యాండ్‌బ్రేకు దించాడు. గేరు తప్పించాడు. స్టీరింగును మడి వైపు తిప్పి భుజం ఆనించాడు. నర్సయ్య వెనక నుంచి, సుకన్య దగ్గుతూనే ఇంకో పక్క నుంచి. మూడు తోపులకు కారు అంచు దాటింది, మూతి కిందికి పెట్టి వరి మడిలోకి దిగింది. బుస్సుమని పొగ, ఆవిరి కలిసి లేచాయి. ముగ్గురూ మడిలోకి దిగి రెండు చేతులా బురద ఎత్తి దాని పొట్ట కిందికి కొట్టారు. పైన అనసూయ పంగలకట్టెతో కాలే కట్టెను మంచిదాని నుంచి విడదీసి, కాళ్లతో తొక్కి, బిందెడు నీళ్లు కుమ్మరించింది. నులకమంచమంత మేర నల్లగా మాడింది. మిగతాది మిగిలింది.



కుమారస్వామి రోడ్డెక్కి నర్సయ్య ముందు నిలబడ్డాడు. "నా తప్పు. బండి ఎత్తు నాకెర్కే. కాలిన కాడికి..."

"ముందు ఎత్తుదాం పట్టు" అన్నాడు నర్సయ్య. "ఇంకోపాలి పొమ్మని అడిగింది నేనే. మబ్బు ఆగదు."

ఎత్తారు. యాకమ్మ గట్టున కూర్చుని గింజ మీది చెత్త ఏరింది. సుకన్య చినిగిన కొంగు నడుముకు బిగించి కట్టె మోసింది. కుమారస్వామి తెగిన చేతికి గుడ్డ కట్టుకుని గింజను కుప్పకు ఊడ్చాడు. కుప్ప మీద పరదా కప్పి రాళ్లు పెట్టేదాకా భార్యాభర్తలిద్దరూ ఒకరినొకరు చూసుకోలేదు.

ఆఖరి రాయి పెట్టి సుకన్య నిటారుగా నిలబడింది.

"ఎన్నొద్దులాయె అది తెగి?"

"పది."

"పొద్దున నన్ను కూసోపెట్టేటప్పుడు ఎర్కే."

"ఎర్కే."

"అందుకేనా అటు చూసుడు."

అతను తలూపాడు. మడిలో కారు సగం దాకా బురదలో ఉంది. ముందు అద్దం మీద పెసర కాయ ఒకటి అతుక్కుంది. రంగు మాత్రం ఎక్కడా చెడలేదు.

"అమ్ముత" అన్నాడు. "రేపే అమ్ముత."

"రేపు అమ్మకు" అన్నది సుకన్య. గొంతు ఇంకా పొగతో బొంగురుగా ఉంది. "ఇట్లనే అమ్మితె ఇంకొకని పెండ్లాం ఎన్కల కూసుంటది. ముందు ఆ సీటు చేపియ్యి. నేను కూసోని, దిగి, చూసినంక అమ్ము."

అతను మళ్లీ తలూపాడు.

చేనుగట్టున తుమ్మచెట్టు కింద అనసూయ సద్దిగిన్నె మూత తీసింది. "తొట్టెలకు పోయే మొఖాలా ఇవి? అక్కడోళ్లు దడుసుకుంటరు. పొద్దు మీరింది, రెండు ముద్దలు తినుండ్రి. ఊర్లకెళ్లి ట్రాక్టరొచ్చినంక బండి గుంజుదాం."

రెండు గిన్నెలు, మోదుగాకు విస్తళ్లు మూడు. ఇద్దరి కోసం తెచ్చిన అన్నం ఐదు భాగాలైంది. పైన పచ్చిపులుసు, పక్కన ఉల్లిగడ్డ. మడి నీళ్లలో చేతులు కడుక్కుని వచ్చి కూర్చున్నారు. కుమారస్వామి కుడి అరచేయి గుడ్డలో ఉంది. ఎడమ చేత్తో తినడానికి మొహం చెల్లక గుడ్డ విప్పి పక్కన పెట్టాడు. పులుసు తగిలి తెగిన చోటు భగ్గుమంది. పళ్లు బిగించి ముద్ద కలిపాడు. సుకన్య ఎదురుగా కూర్చుంది. ఆ చేతిని చూసింది, చూసి తన ముద్ద తాను తిన్నది. నర్సయ్య నీళ్ల చెంబు మధ్యలోకి జరిపాడు. యాకమ్మ మెల్లగా నములుతూ ఉంది.