అడగ్గానే ఒప్పుకున్న డాక్టరు

ఆ ఉదయం ఆసుపత్రికి వెళ్లేసరికి నా చేతిలో ఉన్నవి మూడు: మగతలో ఆయాసపడుతున్న అమ్మ, ఆవిడ ముందే చెప్పిన మాట, ఆవిడే నేర్పిన బేరం.

చెప్పిన మాట: "నాకు గొట్టాలు పెట్టనివ్వకురా. ఇంట్లో పోనియ్యి."

నేర్పిన బేరం మా బట్టల కొట్లోది: కావలసింది ముందే బయటపెట్టకు, ఎక్కువ అడిగి మెల్లగా దిగిరా.

డాక్టరు నన్నూ అక్కనూ వరండాలోకి పిలిచాడు. "ఊపిరితిత్తులు ఇక కోలుకోవు. మెషీను మీద పెట్టమంటారా, బాధ లేకుండా చూసుకుంటే చాలా?"

'చాలు' అంటే అమ్మను ఓ మూల పడేస్తారని నా భయం. అందుకే గట్టిగా, "ఉన్నవన్నీ చెయ్యండి" అన్నాను. ఆయన తగ్గిస్తాడు, నేనూ తగ్గుతాను, మందులతో ఇంటికి పంపే దగ్గర కుదురుతుందని నా లెక్క.

"సరే" అని ఆయన లోపలికి వెళ్లిపోయాడు.

నా జన్మలో మొదటి మాటకే ఒప్పుకున్న మనిషిని చూడలేదు. తేరుకునేలోపే నర్సు తలుపు తీసి, చూడమంది. అమ్మ గొంతులో గొట్టం. లాగేసుకోకుండా రెండు చేతులూ మంచానికి గుడ్డపేలికలతో కట్టేశారు. కత్తెర లేకుండా బట్టల తానును నిట్టనిలువునా చింపే చేతులవి.

"ఏం చెప్పావురా ఆయనకి?" అంది అక్క.

"బేరం మొదలెట్టానే..."

"అమ్మ మీదా?"

డాక్టరు గదికి వెళ్లి, అమ్మ చెప్పిన మాట ఉన్నదున్నట్టు చెప్పాను.

ఆయన మొహం పాలిపోయింది. "మీరు అడిగిందే కదండీ చేశాం! ఆవిడ కోరిక ఇదని ముందే చెప్పాల్సింది."

మర్నాడు గొట్టం తీశారు, కట్లు విప్పారు. ఇంటిదాకా తీసుకెళ్లే ఓపిక అమ్మకు లేదన్నారు. ఆయాసం తగ్గే మందు ఇచ్చి, మమ్మల్ని పక్కనే ఉండనిచ్చారు. ఏ మూలా పడెయ్యలేదు.

అమ్మ గొంతు బొంగురుపోయింది. "గొట్టం ఎవడు వెయ్యమన్నాడు?"

"నేనే. ఎక్కువ అడిగి దిగుదామనుకున్నా. ఆయన వెంటనే ఒప్పేసుకున్నాడు."

"అడగ్గానే ఇచ్చాడంటే సరుకు తిప్పి చూసుకోవాలిరా, సన్నాసీ."

అదే ఆఖరి మాట. సాయంత్రం అమ్మ పోయింది. ఆవిడ మణికట్టు మీద పేలిక నేత అచ్చుపడి ఉంది. పడుగూ పేకా లెక్కపెట్టేంత స్పష్టంగా.

నేను పోగొట్టింది, ఆవిడ పోవాలనుకున్న ఇల్లు. దక్కింది, ఒక తిట్టు, కట్లు లేని ఆ చేతులు ఓ పూట నా చేతుల్లో.