ఊరందరి పాస్‌వర్డ్

డోర్నకల్ స్టేషన్ రోడ్డులో నాది నాలుగు కంప్యూటర్ల నెట్ సెంటర్. 2011 ఎండాకాలంలో, తెలంగాణ ఉద్యమం బంద్‌లు వరసపెట్టి నడుస్తున్న రోజుల్లో, ఒక మధ్యాహ్నం కమ్లీ చెమటలు కక్కుతూ లోపలికి వచ్చింది. పక్క తండా బాల్‌సింగ్ కూతురు. ఇంటర్ పాసై నర్సింగ్‌కు దరఖాస్తు పెట్టుకుంది.

"నగేషన్నా, పిలుపు లెటరు నాలుగు రోజుల కిందనే మెయిల్ చేసిన్రట. పొద్దున కాలేజోళ్లు ఫోన్ చేసి చెప్పిన్రు. రేపు పది గంటలకు ఆ కాయితం పట్టుకొని వరంగల్ పోవాలె. లేకుంటే సీటు ఇంకొకలకు ఇస్తరట."

మెయిల్ తెరిచాను. వచ్చిన ఉత్తరం ఒక్కటీ లేదు. వెళ్లినవి మాత్రం రెండు వందల పైనే ఉన్నాయి. బరువు తగ్గే మాత్రలు కొనమని, కమ్లీ పేరుతో, ముక్కూ మొహం తెలియని వాళ్లకు.

"గివి నువ్వు పంపినవా?"

"నాకెందుకన్నా ఆ మాత్రలు? గాలొస్తేనే ఎగిరిపోయేటట్టున్న. మల్ల పంపుమందామంటే వాళ్లు ఫోన్ ఎత్తుతలేరు. ఆడ గూడ బంద్ షురువైనట్టుంది."

నాకు ఒళ్లు మండింది, దాంతోపాటు కుతూహలమూ పుట్టింది. ఈ పిల్ల మెయిల్‌లోకి ఏం దూరింది, ఎట్లా దూరింది? నా అనుమానం పెన్‌డ్రైవ్‌ల మీద. ఉద్యమం ధూంధాం సభల్లో పాడే పాటల కోసం ఊరంతా నా దగ్గరికే వస్తుంది. పాటలు ఎక్కించుకొని వైరస్‌లు దింపి పోతుంది.

"పాటలు పాటలని నా దుకాణం ఆగం చేస్తున్రు" అని, మూలన పేపరు చదువుతున్న రైల్వే పోశాలన్న మీద పడ్డాను. ఆయన తలెత్తలేదు. యాంటీవైరస్ పెట్టి గంటసేపు వెతికించాను. ఏమీ దొరకలేదు. కమ్లీ గడియారం వైపు చూస్తూ కూర్చుంది.

"పాస్‌వర్డ్ ఎవలకన్న చెప్పినవా?"

"ఎవ్వలకు చెప్పలె. నువ్వే పెట్టినవ్ గద, మర్చిపోకుంట ఉంటదని."

నిజమే. మెయిల్ చేసివ్వమని వచ్చిన ప్రతివాళ్లకూ నేనే పెట్టేవాణ్ని. పోశాలన్న వైపు తిరిగాను.

"అన్నా, నీ మెయిల్ ఒకసారి తెరుస్త."

"తెరువు. ఏమున్నదండ్ల?"

కమ్లీకి పెట్టిందే, ఇంగ్లీషు అక్షరాల్లో జైతెలంగాణ అని కొట్టాను. తెరుచుకుంది. కిటికీలోంచి ఎదురుగోడ కనిపిస్తోంది. దాని మీద మూరెడేసి అక్షరాల్లో అదే మాట. ఆ రాసిందీ నేనే. సిగ్గుతో చెవులు వేడెక్కాయి.

ఇది వైరస్ కాదు, మనిషి. ఆ ఒక్క మాట ఊహించి దర్జాగా లోపలికి వచ్చాడు. మనిషైతే, ఆ మాత్రల గురించి తిడుతూ వచ్చే జవాబులు కమ్లీ కంట పడకుండా, వచ్చిన ఉత్తరాలన్నీ ఊడ్చి పారేసి ఉంటాడు కదా అనిపించింది. తీసేసిన ఉత్తరాల బుట్ట తెరిచాను. అడుగున ఉంది పిలుపు లెటరు.

ప్రింటర్ నుంచి కాగితం పూర్తిగా బయటికి రాకముందే కమ్లీ లేచి రెండు చేతులూ చాచింది.

"గిప్పుడు కొత్త పాస్‌వర్డ్ నువ్వే కొట్టు" అని మొహం పక్కకు తిప్పుకున్నాను. ఒక్కో అక్షరం వెతుక్కుంటూ, లంబాడీలో ఏదో గొణుక్కుంటూ కొట్టింది. నాకు మనసాగలేదు.

"ఏం పెట్టినవ్?"

"చెప్ప." కాగితం మడిచి సంచిలో పెట్టుకుంది. "చెప్తే అది గూడ గోడ మీద రాస్తవ్."

ఆమె వెళ్లాక పోశాలన్న పేపరు మడిచి, కుర్చీ నా దగ్గరికి లాక్కున్నాడు.

"తమ్మీ, మరి నీ మెయిల్‌కు ఏం పెట్టుకున్నవ్?"

నేను గబగబా నా మెయిల్ తెరిచి, పాస్‌వర్డ్ మార్చే చోటు వెతకడం మొదలుపెట్టాను.